క్రియాటినిన్ 1.42 వచ్చింది, ఇంట్లో జిమ్ మానెయ్యమంటన్నారు. గుడ్లు, చికెన్, పౌడర్ అన్నీ ఆపాలా?

బ్రాడీపేట బండోడు (శనివారం రాత్రి 10:40)
అన్నలూ అక్కలూ, కొంచెం పెద్ద పోస్టు, ఓపిక పట్టండి. నాకు 43, బరువు 82 కేజీలు, సంక్రాంతికి 91 ఉండేవాణ్ణి. ఆరు నెలల నుంచి గుంటూరు లక్ష్మీపురంలో ఒక జిమ్‌కి వెళ్తన్నా, వారానికి నాలుగు రోజులు, స్క్వాట్లు డెడ్‌లిఫ్ట్ బెంచ్ అన్నీ చేయిస్తన్నారు. కోచ్ రోజుకి 180 గ్రాముల ప్రొటీన్ తినాలన్నాడు. సరే అని పొద్దున ఆరు గుడ్లు, రెండు పూటలా కలిపి చికెన్ 350 గ్రాములు, రెండు స్కూపులు వే పౌడర్ (పాల ప్రొటీన్ పొడి), పడుకోబోయే ముందు గిన్నెడు పెరుగు, ఇది కాక రోజూ 5 గ్రాములు క్రియాటిన్. అన్నం మధ్యాహ్నం ఒక్క పూటే.

మొన్న ఆఫీసులో హెల్త్ చెకప్ క్యాంపు పెడితే అందరితో పాటు నేనూ చెయ్యి చాపా. క్రియాటినిన్ 1.42, ఈజీఎఫ్ఆర్ (కిడ్నీ ఎంత వడపోస్తందో చెప్పే అంచనా) 63, యూరియా 48, ఎస్‌జీపీటీ 71. నాలుగూ లావు అక్షరాల్లో కొట్టి పంపారు. క్యాంపు నాడు పొద్దున్నే లెగ్ డే (కాళ్ల బరువుల రోజు) చేసి వెళ్లా, ముందు రోజు రాత్రి చికెన్ కూడా తిన్నా, అది చెప్పాలేమో తెలీదు. మా ఆవిడ రిపోర్టు తీసుకెళ్లి వాళ్లమ్మకి చూపించింది, ఆవిడ "అల్లుడుగారి కిడ్నీలు పోయినయ్యంట" అని తెనాలి దాకా చాటింపు వేసింది. పౌడర్ డబ్బా అటకెక్కింది. నిజంగానే కిడ్నీలు కొట్టేసినయ్యా? మొత్తం ఆపెయ్యాలా?

పప్పుచారు ప్రియుడు
ఆపెయ్. మా తాత కంకిపాడులో రోజుకి మూడు పూటలా అన్నం, పప్పు, మజ్జిగ తిని వడ్ల బస్తా భుజాన వేసుకుని మిల్లు దాకా నడిచేవాడు, ఏ పౌడర్ తాగాడు? హైదరాబాద్ ఎన్‌ఐఎన్ (జాతీయ పోషకాహార సంస్థ) వాళ్లే 2024లో ఇచ్చిన ఆహార మార్గదర్శకాల్లో ప్రొటీన్ పౌడర్లు వద్దని రాశారు. మామూలు మనిషికి కేజీ బరువుకి 0.83 గ్రాములు చాలంటున్నారు, నీ బరువుకి 68 గ్రాములు. నువ్వు దానికి రెండున్నర రెట్లు పైన లాగిస్తన్నావ్.

వన్‌టౌన్ డంబెల్
తాతల గొడవ మళ్లీ వచ్చిందా. అన్నా, ఆ 0.83 జబ్బు పడకుండా, కండ కరగకుండా ఉండటానికి లెక్క, బరువులెత్తి కండ పెంచేవాడికి కాదు. నువ్వు చెప్పిన ఎన్‌ఐఎన్ పుస్తకంలోనే ఇంకో మాట కూడా ఉంది, బరువులెత్తేవాళ్లకి కేజీకి 1.6 గ్రాములు దాటాక అదనపు లాభం లేదని. అంటే 1.6 దాకా ఎంతో కొంత ఉపయోగం ఉన్నట్టేగా! 2018లో 49 ట్రయల్స్, 1863 మందిని కలిపి చూసిన విశ్లేషణ ఒకటి వచ్చింది, అందులోనూ లాభం కేజీకి సుమారు 1.62 గ్రాముల దగ్గరే ఆగింది. పైగా ఆ పెరుగుదల కూడా చిన్నదే, కండ పెంచేది ముందు బరువు, ఆ తర్వాతే తిండి. ఎత్తకుండా తింటే పొట్టే.

బండోడన్నా, మీ కోచ్ 180 ఎక్కడి నుంచి తెచ్చాడో చెప్పనా. అమెరికా వాళ్లు పౌండ్‌కి ఒక గ్రాము అంటారు. 82 కేజీలంటే 180 పౌండ్లు. అంతే. మీకు 1.6 లెక్కన 130 సరిపోతుంది, మిగతా 50 గ్రాములు జేబుకి చిల్లు. నేను భవానీపురంలో పదకొండేళ్లుగా కోచింగ్ ఇస్తన్నా, మొదట్లో నేనూ ఈ 180 మాటే చెప్పేవాణ్ణి, ఇప్పుడు సిగ్గేస్తది.

ల్యాబ్ కోటు
గుంటూరు కొత్తపేటలో ల్యాబ్‌లో పని చేస్తాను, రోజూ ఇలాంటివి చూస్తానండి. బండోడు గారూ, క్రియాటినిన్ అంటే కండలోంచి వచ్చే చెత్త. కండ ఎక్కువున్నోళ్లకి మామూలుగానే కొంచెం ఎక్కువ ఉంటది. క్రియాటిన్ పౌడర్ వేసుకునేవాళ్లకి ఇంకొంచెం పెరుగుద్ది, ఎందుకంటే ఒంట్లో అది మారేదే క్రియాటినిన్‌గా. ముందు రోజు రాత్రి చికెన్ కూర గట్టిగా తింటే పొద్దున్నే ఇంకొంచెం. మీరు ఈ మూడూ కలిపి తెచ్చి మా సూదికి ఇచ్చారు. ఈజీఎఫ్ఆర్ అనేది ఆ క్రియాటినిన్‌ని, వయసుని పట్టి లెక్కేసిన అంకె, విడిగా కొలిచింది కాదు, అది పెరిగితే ఇది దానంతటదే పడిపోద్ది. యూరియా సంగతి సరే సరి, ప్రొటీన్ తింటే పెరుగుద్ది.

ఎస్‌జీపీటీ లివర్‌ది మాత్రమే అనుకుంటారు అందరూ, అది కండలో కూడా ఉంటది, దాని జోడీ ఎస్‌జీఓటీ అయితే ఇంకా ఎక్కువ. లెగ్ డే గట్టిగా చేసినోడికి వారం దాకా రెండూ పైనే ఉండొచ్చు. లివరా కండా తేల్చుకోవాలంటే సీకే (కండ ఎంజైమ్), జీజీటీ (లివర్ ఎంజైమ్) చూపిస్తే తెలిసిపోద్ది, సీకే ఎక్కువుండి జీజీటీ మామూలుగా ఉంటే కండదే.

అట్టాగని "ఏం లేదు పోండి" అని నేను అనను. సిస్టాటిన్ సీ అని కిడ్నీ వడపోత చూసే ఇంకో రక్త టెస్ట్ ఉంది, అది కండ మీద, మాంసం మీద పెద్దగా ఆధారపడదు. దాంతో పాటు యూరిన్‌లో అల్బుమిన్ క్రియాటినిన్ రేషియో, ఏసీఆర్ అంటారు, 30 లోపుండాలి. ఈ రెండూ బాగుంటే సగం భయం తీరినట్టే. మూడు రోజులు జిమ్ ఆపి, ముందు రోజు మాంసం మానేసి, నీళ్లు తాగి రండి.

పటమట పిన్ని
బాబూ, ముందు కంగారు పడమాక. నాకు 54. మూడేళ్ల కిందట షుగర్ బయటపడింది, హెచ్‌బీఏ1సీ (మూడు నెలల షుగర్ సగటు) 7.4. సిద్ధార్థ కాలేజీ రోడ్డులో వాకింగ్ చేసేదాన్ని, నడక వల్ల బరువు తగ్గా గానీ చేతులు కాళ్లు పీలగా అయినయ్, గ్యాస్ సిలిండర్ జరపాలంటే మా ఆయన్ని పిలవాల్సొచ్చేది. మా అమ్మాయి బలవంతాన ఒక లేడీస్ బ్యాచ్‌లో చేర్పించింది. మొదటి రోజు ఖాళీ రాడ్డు ఇచ్చారు, ఎత్తలేక నవ్వొచ్చింది. ఇప్పుడు 45 కేజీలు నేల మీద నుంచి లేపుతా. పొద్దున ఇడ్లీ నాలుగు తినే చోట రెండు పెసరట్లు, ఒక గుడ్డు. మాత్రలు ఆపలేదు, డాక్టరమ్మ చెప్పినట్టే వేసుకుంటన్నా, ఎనిమిది నెలలకి 6.6 వచ్చింది. ఆవిడ ఒకటే చెప్పింది, తిన్న చక్కెర వెళ్లి దాక్కునే చోటు కండే, కండ ఉంటే షుగర్‌కి జాగా ఉంటది అని.

ఒక్క జాగ్రత్త. గ్లిమిపిరైడ్ లాంటి మాత్ర వేసుకునేవాళ్లు ఖాళీ కడుపున బరువులెత్తితే షుగర్ పడిపోద్ది. నాకు ఒకసారి చెమటలు పట్టి చేతులు వణికినయ్, జిమ్ పక్కన బడ్డీకొట్లో పల్లీ చిక్కీ కొనుక్కుని తిని కూర్చున్నా. అప్పట్నుంచి సంచిలో గ్లూకోజ్ బిళ్లలు.

మెడలో స్టెత్
ఊళ్లోనే జనరల్ ప్రాక్టీస్ అండి. మనిషిని చూడకుండా వైద్యం చెప్పను గానీ ఒకటి అడుగుతా. బండోడు గారూ, బీపీ ఎంత? ఇంట్లో ఎవరికన్నా కిడ్నీ జబ్బు, షుగర్ ఉన్నాయా? అన్నిటికన్నా ముఖ్యం, ఏమన్నా మాత్రలు వాడుతున్నారా? నొప్పులకి కూడా.

బ్రాడీపేట బండోడు
బీపీ క్యాంపులో చూశారు, 150/94, జనం తోపులాటలో చూశారు కాబట్టి నేను పట్టించుకోలా. నాన్నకి షుగర్ ఉంది. మాత్రలా, ఏం లేవండి. మోకాలు లాగుతుంటే లెగ్ డే రోజు ఒక నొప్పి బిళ్ల వేసుకుంటా, అసిక్లోఫెనాక్ అనుకుంటా, మెడికల్ షాపులో అడిగితే ఇస్తాడు. వారానికి మూడో నాలుగో. ఏప్రిల్ నుంచి.

మెడలో స్టెత్
అదండీ సంగతి. ఇంత పెద్ద పోస్టులో గుడ్లు లెక్కపెట్టి రాశారు, బిళ్లలు రాయలేదు.

చెప్తాను వినండి. కిడ్నీలోకి రక్తం ధారాళంగా పోవడానికి ప్రోస్టాగ్లాండిన్లు అనే పదార్థాలు ఆ సన్న నాళాలని తెరిచి ఉంచుతాయి, ఒంట్లో నీళ్లు తగ్గినప్పుడు మరీ. డైక్లోఫెనాక్, ఐబుప్రొఫెన్, అసిక్లోఫెనాక్ ఇవన్నీ నొప్పి తగ్గించేది వాటిని అణిచేసే. మన మే నెల ఎండలో, ఏసీ లేని జిమ్‌లో గంటన్నర చెమట కార్చి, నీళ్లు సరిగా తాగకుండా ఆ బిళ్ల మింగితే కిడ్నీకి వెళ్లే కొళాయి సగం కట్టేసినట్టే. బీపీ కూడా పెంచుతాయి. బీపీ మాత్రలు, నీరు పోయే మాత్రలు వాడేవాళ్లకైతే ఇంకా ప్రమాదం. ఓపీలో ఇవి మింగీ మింగీ కిడ్నీలు దెబ్బతిన్నవాళ్లని చాలామందిని చూశాను, గుడ్ల వల్ల దెబ్బతిన్న ఆరోగ్యవంతుడు ఇప్పటిదాకా నాకు తగల్లేదు.

ఇక ప్రొటీన్ గురించి. ఎక్కువ తింటే కిడ్నీ ఎక్కువ వడపోస్తుంది, ఇది నిజం. ఆరోగ్యంగా ఉన్న కిడ్నీకి అది పనే గానీ గాయం కాదు, ఇప్పటిదాకా జరిగిన ట్రయల్స్‌లో అలాంటివాళ్లకి పనితీరు పడిపోయినట్టు కనపడలేదు. కాకపోతే ఆ ట్రయల్స్ ఎక్కువ శాతం నెలల మీద జరిగినవి, ఇరవై ఏళ్లు కేజీకి 2 గ్రాముల పైన తిన్నవాళ్ల లెక్కలు తక్కువ. అందుకే నేను అవసరం లేకుండా అంత పైకి పోవద్దంటాను. కిడ్నీ ఇప్పటికే దెబ్బతిన్నవాళ్ల లెక్క పూర్తిగా వేరు. మీరు ఏ పక్కన ఉన్నారో టెస్టు చెప్పాలి, పౌడర్ డబ్బా చెప్పదు. బిళ్ల ఈరోజే ఆపండి. క్రియాటిన్ కూడా మూడు వారాలు ఆపండి, అది చెడ్డదని కాదు, లెక్క తేలడానికి.

పప్పుచారు ప్రియుడు
సరే డాక్టరుగారూ, ఆ బిళ్ల సంగతి నాకు తట్టలేదు, ఒప్పుకుంటన్నా. మా తాత కూడా చివర్లో మోకాళ్ల నొప్పులకి ఏదో తెల్ల బిళ్ల రోజూ వేసుకునేవాడు.

తిరువూరు కుర్రోడు
ఇక్కడ అందరూ కిడ్నీకి ఏం కాదు అంటంటే నాకు భయమేస్తంది అందుకే రాస్తన్నా. మాది ఏ.కొండూరు పక్కన, మా మండలంలో కిడ్నీ జబ్బుల గురించి పేపర్లలో చదివే ఉంటారు. మా బాబాయికి 51, క్రియాటినిన్ 2.8, ఏడాది నుంచి మందులు. నీరసంగా ఉన్నాడని మా తమ్ముడు విజయవాడ నుంచి ప్రొటీన్ డబ్బా పట్టుకొచ్చి పాలల్లో కలిపి రెండు నెలలు తాగించాడు, వీడియోలో ఎవరో "ప్రొటీన్ కిడ్నీకి మంచిదే" అన్నాడంట. తర్వాత రిపోర్ట్ 3.4. అదే కారణమని నేను చెప్పలేను, ఆ నెల జ్వరం కూడా వచ్చింది. కిడ్నీ డాక్టరు మాత్రం డబ్బా చూసి తలకొట్టుకున్నాడు.

మెడలో స్టెత్
మీరు రాసింది చాలా అవసరం తమ్ముడూ. డయాలసిస్ దాకా రాని మధ్య, చివరి దశ కిడ్నీ రోగికి ప్రొటీన్ కేజీకి 0.8 గ్రాముల చుట్టూ ఉంచమంటారు, 1.3 దాటొద్దని గట్టిగా చెప్తారు. మళ్లీ తమాషా ఏంటంటే డయాలసిస్ మొదలయ్యాక 1.0 నుంచి 1.2 తినమంటారు, ఆ మిషను అమైనో ఆమ్లాలని కూడా బయటికి తోడేస్తుంది కాబట్టి. ఒకే ఇంట్లో ఒకే జబ్బుకి రెండు రకాల సలహాలు. మీ బాబాయికి తేలిక వ్యాయామం మంచిదే, తిండి మాత్రం ఆ డాక్టరు రాసిన కాగితం ప్రకారమే.

సత్యనారాయణపురం శాకాహారి
నాది వేరే బాధ. గుడ్డు కూడా ముట్టను. 68 కేజీలు, 1.6 అంటే సుమారు 110 గ్రాములు. వంటింట్లో తూకం పెట్టుకుని వారం రోజులు కొలిచా, మా అమ్మ "బంగారం తూస్తన్నావా" అంది. పప్పు పప్పు అంటాం గానీ మనిషికి కంచంలో పడే ముద్దపప్పులో పచ్చి కందిపప్పు 25, 30 గ్రాములకి మించి లేదు, అంటే ప్రొటీన్ 6 గ్రాములు. మూడు గరిటెల అన్నంలో ఇంకో 7, 8. పెరుగు 200 గ్రాముల్లో 6. సాంబారు దాదాపు నీళ్లే. ఇన్నాళ్లూ రోజుకి 45 గ్రాములు తింటూ "పప్పు తింటాంగా" అనుకున్నా.

ఇప్పుడు పొద్దున పెసలు 70 గ్రాములు నానబెట్టి మూడు పెసరట్లు (16, 17 వస్తాయి, ఉప్మా మానేశా, కన్నీళ్లతో), మధ్యాహ్నం మీల్‌మేకర్ పొడిగా ఉన్నప్పుడు తూచి 50 గ్రాములు (26), సాయంత్రం గుగ్గిళ్లు, రాత్రి పనీర్ 100 గ్రాములు (18), పాలు పెరుగు. ఒక స్కూపు వే, అది పాలదేగా. పల్లీలు ప్రొటీన్ అనుకుని గుప్పెళ్లు తిన్నా మొదట్లో, 100 గ్రాముల్లో 25 ప్రొటీన్‌కి దాదాపు రెట్టింపు నూనె, రెండు కేజీలు పెరిగా.

ఉలవచారు గురించి కూడా చెప్పాలి, మన బెజవాడ గర్వం కదా. ఉలవల్లో 22 శాతం దాకా ప్రొటీన్ ఉంది, నిజమే. కానీ మనం తాగేది ఉడికించిన నీళ్లు మరగబెట్టింది, ప్రొటీన్‌లో ఎక్కువ భాగం ఉడికిన గింజలోనే ఉండిపోద్ది, అది గేదెకి పెడతాం. గేదెకున్న తెలివి మనకి లేదు.

వన్‌టౌన్ డంబెల్
గేదె దగ్గర నవ్వాపుకోలేకపోయా 😂

గుణదల గ్యాసు
ఎవరూ చెప్పట్లేదు కాబట్టి నేను చెప్తా. అన్నం మానేసి చికెన్, పౌడర్ మీద పడితే మూడో రోజు నుంచి బాత్రూమ్‌లో కూర్చుని సీలింగు చూడ్డమే. పీచు లేదుగా. ఆ మధ్య ఊరంతా కొబ్బరినూనె తాగిన డైటు నడిచినప్పుడూ నాకిదే గతి. దొండకాయ, చిక్కుడు, తోటకూర, జామకాయ మళ్లీ మొదలెట్టాక బాగైంది. రెండోది, వే కాన్సన్‌ట్రేట్ రకంలో లాక్టోజ్ (పాల చక్కెర) ఉంటది, పాలు పడనోళ్లకి కడుపు డప్పు. ఐసొలేట్ రకంలో బాగా తక్కువ, రేటు మాత్రం ఎక్కువ.

కిడ్నీలో రాయి ఉన్న చరిత్ర ఉంటే ఇంకో మాట. నాకు రెండుసార్లు వచ్చింది. మాంసం బాగా పెంచితే యూరిన్‌లో కాల్షియం పెరిగి సిట్రేట్ తగ్గుద్దంట, రాయికి అదే కావాలి. ఎండాకాలం మూడు లీటర్లు తాగుతా, నిమ్మకాయ నీళ్లు ఉప్పు లేకుండా. యూరిక్ యాసిడ్ ఉన్నోళ్లకి మేక లివర్, రొయ్యలు, ఎండు చేపలు తంటా తెస్తాయి, గుడ్లు పాలతో ఆ గొడవ లేదు.

కొత్తగా చేరా
అన్నా నాకు 19, జిమ్‌లో మొదటి రోజే సార్ 200 స్క్వాట్లు చేయించాడు, మూడో రోజు యూరిన్ కోలా రంగులో వచ్చింది, తొడలు వాచినయ్. ప్రొటీన్ ఎక్కువైందా?

మెడలో స్టెత్
బాబూ ఇది చదవగానే ఫోన్ పక్కన పెట్టి ఇంట్లోవాళ్లని తీసుకుని ఎమర్జెన్సీకి వెళ్లు. ప్రొటీన్ కాదు. కండ పగిలి అందులోని పదార్థం రక్తంలో కలిస్తే యూరిన్ అలా వస్తుంది, దాన్ని రాబ్డోమయోలిసిస్ అంటారు, అదే నిజంగా కిడ్నీని ఆపేస్తుంది. సెలైన్ ఎంత తొందరగా ఎక్కితే అంత మంచిది. వెళ్లి ఇక్కడ రాయి.

కొత్తగా చేరా
ఐదో రోజు రాస్తన్నా. సీకే వేలల్లో వచ్చింది, మూడు రోజులు సెలైన్ పెట్టారు, ఇంటికొచ్చా. నెల రోజులు జిమ్ వద్దన్నారు. థాంక్స్ సార్.

వన్‌టౌన్ డంబెల్
మొదటి రోజు 200 స్క్వాట్లు చేయించేవాడు కోచ్ కాదు. కర్ణం మల్లీశ్వరి సిడ్నీ ఒలింపిక్స్‌లో రెండు లిఫ్టులూ కలిపి 240 కేజీలు లేపిందన్నా, స్టూవర్టుపురం వెంకట రాహుల్ 2018 కామన్వెల్త్‌లో 338 కేజీలతో గోల్డ్ కొట్టాడన్నా ఏళ్ల తరబడి కొంచెం కొంచెం పెంచినోళ్లే. వారానికి రెండున్నర కేజీలు పెరిగినా ఏడాదికి ఎంతవుద్దో లెక్కేసుకోండి. (అంత పెరగదు, ఎక్కడో ఆగుద్ది, అది వేరే థ్రెడ్.)

బ్రాడీపేట బండోడు (మూడు వారాల తర్వాత)
అందరికీ దండాలు. బిళ్ల, క్రియాటిన్ ఆపా. మూడు రోజులు జిమ్ మాని, ముందు రోజు పప్పు తోటకూర తిని వెళ్లి ఇచ్చా. క్రియాటినిన్ 1.18, సిస్టాటిన్ సీ 0.92, దాన్ని బట్టి ఈజీఎఫ్ఆర్ 93, ఏసీఆర్ 12, ఎస్‌జీపీటీ 34. ల్యాబ్ కోటు గారూ, మీ కాళ్లు ఎక్కడున్నా మొక్కుతా.

కానీ బీపీ మాత్రం తోపులాట లేని చోట కూడా 146/92. డాక్టర్ ఇంటికి మిషను కొనుక్కుని వారం రోజులు పొద్దున సాయంత్రం రాయమన్నారు, సగటు 138/88. తిండి మొత్తం అడిగారు. ఆరు గుడ్లు ఎట్టా తింటావ్ అన్నారు. ఉడకబెట్టి ఆవకాయ గుజ్జు నంజుకుని అని చెప్పా. చికెన్‌లోకి? మారినేషన్ మసాలా, పైన ఉప్పు. రాత్రి పెరుగులోకి? గోంగూర పచ్చడి. ఆయన పెన్ను కింద పెట్టి కాసేపు నన్నే చూశారు. రోజుకి మొత్తం ఉప్పు 5 గ్రాములు దాటొద్దని రాశారు, నా గుడ్లకే అంత పోతందనుకుంటా. మూడు నెలలు చూసి తగ్గకపోతే మాత్ర అన్నారు. జిమ్ మానొద్దన్నారు, బరువులెత్తేటప్పుడు ఊపిరి బిగబట్టొద్దన్నారు.

ప్రొటీన్ 130కి దించా. పౌడర్ ఒక్క స్కూపు, అది కూడా చికెన్ లేని రోజే. మోకాలుకి ఫిజియో దగ్గరికి పోతే స్క్వాట్ లోతు తగ్గించి వెనక స్టూలు పెట్టి చేయిస్తన్నాడు, నొప్పి సగం పోయింది, ఆరు నెలలు బిళ్లతో కప్పిపెట్టింది ఇదే.

మా అత్తగారు తెనాలి నుంచి వచ్చారు, 68. రిపోర్ట్ చూపించా, నమ్మలా. పిన్నిగారూ, మీ పోస్టు చదివి వినిపిస్తే మాత్రం "నేనూ చేస్తా" అంటంది. కుర్చీలోంచి చేతులు పెట్టకుండా పదిసార్లు లెమ్మంటే నాలుగోసారికి సోఫా పట్టుకుంది. షుగర్ ఉంది, మోకాళ్లు అరిగినయ్. ఏం మొదలుపెట్టించమంటారు?

పటమట పిన్ని
ఆ కుర్చీనే. దిండు వేసి ఎత్తు చెయ్యి, రోజూ ఐదుసార్లు. అంతకన్నా ముందు ఆవిడ మందుల సంచి టేబుల్ మీద బోర్లించి ఒక్కోటీ ఫోటో తీసి డాక్టర్‌గారికి చూపించు. మోకాళ్లు అరిగినోళ్ల సంచిలో ఆ బిళ్ల ఉండకుండా ఉండదు.

బ్రాడీపేట బండోడు
ఉంది. రెండు రకాలు.